పట్టు దొరికినవాడిదే పందెం

అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో వేసవి వచ్చిందంటే పల్లె సంతల్లో డీజిల్ పికప్ ట్రక్కులు బరువు లాగుడు పోటీకి దిగుతాయి. నల్లటి పొగ చూసి, చెవులు గింగురుమనిపించే టర్బో ఈల వింటే ఇదంతా ఇంజిన్ల పోరనిపిస్తుంది. నియమాల పుస్తకం తెరిస్తే మాత్రం అసలు పోరు టైర్ల దగ్గర, వాటికి బలం మోసుకొచ్చే షాఫ్టులు, ఇరుసుల దగ్గర జరుగుతున్నట్టు తెలుస్తుంది.

పోటీ ఏమిటో చెప్పడం తేలిక. ట్రక్కు వెనక కొక్కేనికి స్లెడ్ అనే భారీ బండిని తగిలిస్తారు. ఎదురుగా రోలరుతో గట్టిగా తొక్కించిన మట్టి దారి, చాలాచోట్ల 300 అడుగులు. మధ్యలో ఆగకుండా ఎంత దూరం లాక్కెళితే అదే ఫలితం. చివరి గీత దాటినవాళ్లు ‘ఫుల్ పుల్’ కొట్టినట్టు. ఇద్దరు ముగ్గురు దాటితే స్లెడ్‌ని ఇంకాస్త బరువుగా మార్చి వాళ్ల మధ్యే మళ్లీ పోటీ పెడతారు. కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా పది పదిహేను సెకన్లు. చలికాలమంతా గ్యారేజీలో చేసిన పని ఎలాంటిదో ఆ కాసేపట్లో తేలిపోతుంది.

తెలివంతా స్లెడ్‌లో ఉంది. దాని వెనక చక్రాలుంటాయి. ముందువైపు నేలను రాసుకుంటూ పోయే వెడల్పాటి ఉక్కు పలక ఉంటుంది. మొదట్లో బరువుల పెట్టె వెనక చక్రాల మీద ఉంటుంది కాబట్టి స్లెడ్ సులువుగా దొర్లుతుంది. అది కదిలేకొద్దీ చక్రాలకు కలిపిన యంత్రాంగం ఆ పెట్టెను పట్టాల మీద ముందుకు లాగుతుంది. బరువు చక్రాల మీంచి పలక మీదికి జరుగుతుంది. అంతదాకా దొర్లిన బండి ఇప్పుడు నేలను గీరుకుంటూ ఈడ్చబడుతుంది. వంద అడుగుల దగ్గర హుషారుగా పరుగెత్తిన ట్రక్కు రెండొందలు దాటేసరికి ఒక్కో అడుగుకీ పెనుగులాడుతుంది.

అక్కడ ట్రక్కు ఆగిందంటే కారణాలు మూడే. ఇంజిన్ బలం చాలకపోవడం, టైర్లు పట్టు తప్పి ఉన్నచోటే తిరగడం, మధ్యలో ఏదో ఒకటి విరగడం. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. పోస్టర్ల మీద హార్స్‌పవర్ అంకెలే ఉంటాయి. మిగతా రెండింటి గురించి పోటీదారులు తమలో తాము మాట్లాడుకుంటారు. ఈ ఆటను సామాన్యుడి చేతిలో నిలబెట్టినవి ఆ రెండింటికీ రాసుకున్న నియమాలేనని నా నమ్మకం.

గుర్రాల నుంచి కమిన్స్ దాకా

ఎవరి గుర్రాలు ఎక్కువ బరువు లాగుతాయన్న రైతుల పంతంలోంచి పుట్టిన ఆట ఇది. మోటారు యంత్రాలతో మొదటి పోటీలు 1929లో మిస్సోరీలోని బౌలింగ్ గ్రీన్‌లో, ఒహాయోలోని వాన్స్‌విల్‌లో జరిగాయంటారు. తర్వాత చాలాకాలం స్లెడ్ అంటే మనుషులు ఎక్కే బల్ల. దారి పక్కన నిర్ణీత దూరాల్లో జనం నిలబడేవారు, బల్ల దగ్గరికి రాగానే ఒక్కొక్కరే దాని మీదికి అడుగేసేవారు. బరువు అలా పెరిగేది. ఒక ఊరి నియమం పక్క ఊళ్లో చెల్లేది కాదు. 1969లో ఎనిమిది రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ ఏర్పాటు చేశాక ఒక ఉమ్మడి పుస్తకం అనేది మొదలైంది. ఒహాయోలో మరో బౌలింగ్ గ్రీన్ ఉంది. అక్కడ 1967 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. ఫిబ్రవరిలో కెంటకీలోని లూయీవిల్‌లో, ఫ్రీడమ్ హాల్ లోపలికి మట్టి తెచ్చి పోసి, పైకప్పు కింద లాగిస్తారు.

డీజిల్ పికప్పులు ఈ గుంపులోకి ఆలస్యంగా వచ్చాయి. 1989 మోడల్ డాడ్జ్ పికప్‌లో కమిన్స్ కంపెనీ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. 160 హార్స్‌పవర్, 400 పౌండ్-అడుగుల టార్క్. అంతకుముందు అలాంటి ఇంజిన్ లారీల్లో, వ్యవసాయ యంత్రాల్లో ఉండేది. ఫోర్డ్ 1994 మోడల్ నుంచి పవర్‌స్ట్రోక్ తెచ్చింది, జనరల్ మోటార్స్ 2001లో డ్యూరామ్యాక్స్ తెచ్చింది. 2019లో డాడ్జ్ వారసత్వమైన రామ్ పికప్‌లో కమిన్స్ 6.7 లీటర్ల ఇంజిన్ షోరూమ్‌లోంచి బయటికొచ్చేటప్పటికే 1,000 పౌండ్-అడుగులు ఇచ్చింది. ముప్పై ఏళ్లలో రెండున్నర రెట్లు. వారమంతా గొడ్ల ట్రెయిలర్ లాగే బండినే శనివారం సాయంత్రం స్లెడ్‌కి తగిలించవచ్చన్న ఆలోచన ఒహాయో, ఇండియానా రైతు కుర్రాళ్లకు రావడానికి అంతకంటే ఏం కావాలి?

అయితే అందరి ఇంజిన్లూ ఒకటి కావు. పక్కింటివాడు లక్షల డాలర్లు పోసి చేయించిన ఇంజిన్‌తో వస్తే పనిబండితో వచ్చినవాడు ఏం చేయాలి? అందుకే తరగతులు. వర్క్ స్టాక్, 2.5, 2.6, 3.0, ప్రో స్టాక్, సూపర్ స్టాక్ అని మెట్లు కట్టారు. ఆ అంకెలు టర్బోచార్జర్ గాలి పీల్చుకునే నోటి వ్యాసం, అంగుళాల్లో. నోరు ఎంతుంటే గాలి అంత, గాలి ఎంతుంటే మండించగలిగే డీజిల్ అంత. తనిఖీదారు కొలతకు చేసిన బిళ్లను టర్బో నోట్లో పెట్టి చూస్తాడు. మన పల్నాడు, ప్రకాశం తిరునాళ్లలో ఒంగోలు గిత్తలతో బండలాగుడు పెట్టేటప్పుడు రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని నోరు తెరిచి చూసి విభాగాలు చేస్తారు కదా, న్యాయం అదే: సమానుల మధ్యే పోటీ జరగాలి.

టర్బో నోరు కొలిచి ఇంజిన్లను ఒక దారికి తెచ్చారు సరే, ఆ బలం నేలకు చేరే దారిని కూడా కట్టడి చేయకపోతే డబ్బున్నవాడు అక్కడ గెలుస్తాడు. టైరు నియమాలు, డ్రైవ్‌లైన్ నియమాలు వచ్చింది ఇందుకే.

టైరు గోడ మీద మూడక్షరాలు

దిగువ తరగతుల నియమాల్లో టైరు గురించి మొదటి వాక్యం దాదాపు అన్నిచోట్లా ఒకటే: టైరు గోడ మీద ‘డీఓటీ’ ముద్ర ఉండాలి. అంటే అమెరికా రవాణా శాఖ ప్రమాణాలకు తగ్గట్టు, రోడ్డు మీద తిరగడానికి తయారుచేశామని కంపెనీ తానే పూచీపడుతుందన్నమాట. ఆ అక్షరాల వెంట ఉండే సంకేతంలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడో వారం. పందేనికి వాడే టైరుకి ఈ వయసు లెక్క చాలా ముఖ్యం. రబ్బరు పాతబడేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడ్డ రబ్బరు మట్టిని సరిగ్గా పట్టదు.

రెండో వాక్యం మరింత పదునైనది: టైరును కోయకూడదు. పై తరగతుల్లో, ట్రాక్టర్లలో, ప్రత్యేకంగా కట్టిన రెండు చక్రాల చోదక ట్రక్కుల్లో టైరును కొన్నట్టుగా వాడరు. మీది రబ్బరు దిమ్మలను వేడి కత్తితో, గ్రైండరుతో చెక్కుతారు. దిమ్మ ముందు అంచును పదును చేస్తారు, అనవసరమైన రబ్బరు తీసేసి టైరు ఒంగేలా చేస్తారు. ఏ మట్టికి ఏ కోణంలో చెక్కాలన్నది ఓ విద్య. అందులో పేరుపడ్డ పనివాళ్ల కోసం దూరప్రాంతాల నుంచి టైర్లు మోసుకొస్తారు. అలా చెక్కిన టైరు మట్టిలోకి దిగి పట్టుకునే తీరుకీ, కొన్న టైరు పట్టుకునే తీరుకీ పోలిక లేదు.

వర్క్ స్టాక్, 2.5, 2.6 తరగతుల్లో దీన్ని ఎందుకు నిషేధించారంటే, కోసిన టైరు ఇక రోడ్డుకి పనికిరాదు. దాన్ని వాడాలంటే పందేనికి వేరే చక్రాల జత, వాటిని మోయడానికి ట్రెయిలరు, ఆ ట్రెయిలరును లాగడానికి ఇంకో బండి. అంచులు అరిగినప్పుడల్లా మళ్లీ చెక్కించాలి, కొన్నాళ్లకు కొత్తవి కొనాలి. ఒకడు కోస్తే రెండో వారానికి అందరూ కోయక తప్పదు. అప్పుడు సొంత పనిబండిలో వచ్చి లాగి, అదే బండిలో ఇంటికి పోయే మనిషి ఆటలోంచి బయటికి పోతాడు. పుస్తకం మొత్తంలో అన్నిటికంటే మంచి నియమం ఏదని అడిగితే నేను ఇదే చూపిస్తాను. టర్బో కొలతకు కూడా అంత విలువ ఇవ్వను. పెద్ద టర్బో కొన్నవాడు ఒక్క భాగానికి ఖర్చు పెడతాడు, కోసిన టైర్లను అనుమతిస్తే ప్రతి ఒక్కరూ ప్రతి ఏడాదీ ఖర్చు పెట్టాలి.

దీనికి తోడు మరికొన్ని నిషేధాలుంటాయి. ట్రాక్టరు టైర్లలా అడ్డ కడ్డీలున్నవి వద్దు, గొలుసులు వద్దు, మేకులు వద్దు. పరిమాణానికీ హద్దుంటుంది. 35 అంగుళాల ఎత్తు, 12.5 అంగుళాల వెడల్పు అన్నది ఎక్కువగా కనిపించే గరిష్ఠం. కొన్ని సంఘాలు 33 దగ్గరే ఆపేస్తాయి. వెనక జత చక్రాలు కొన్నిచోట్ల సరే, కొన్నిచోట్ల కూడదు.

హద్దుల లోపల చేసుకోగలిగిన పని తక్కువేం కాదు. బంకమట్టి ట్రాక్ మీద నీళ్లు చల్లి రోలరు తిప్పాక పైపొర గట్టిగా, లోపల చెమ్మగా ఉంటుంది. అలాంటిచోట దిమ్మల మధ్య ఖాళీ తక్కువున్న ఆల్ టెరైన్ టైరు ఎక్కువ రబ్బరును నేలకు ఆనిస్తుంది. పోటీ సాగేకొద్దీ పైపొర పొడిబారి, చెదిరి, గోతులు పడుతుంది. అప్పుడు లోతైన దిమ్మల మడ్ టైరు లోపలి చెమ్మ దాకా దిగగలదు. మొదటి బండికి దొరికిన నేల ఇరవయ్యో బండికి దొరకదు. అందుకే అనుభవమున్నవాళ్లు తమ వరుస వచ్చేలోపు ట్రాక్ పక్కన నిలబడి ముందువాళ్ల టైర్ల వెనక మట్టి ఎలా ఎగురుతోందో చూస్తుంటారు. ముద్దలుగా లేస్తోందా, పొడిగా లేస్తోందా అన్నదాన్ని బట్టి దారిలో ఎడమవైపు పట్టాలా, కుడివైపు పట్టాలా అని నిర్ణయించుకుంటారు.

గాలి సంగతి మరీ సున్నితం. ఎక్కువ నింపితే టైరు నడుము మాత్రమే నేలకు తగులుతుంది, పక్క దిమ్మలు ఊరికే తిరుగుతాయి. బాగా తగ్గిస్తే ముద్ర వెడల్పవుతుంది గానీ టైరు గోడ మెలిపడి శక్తిని మింగేస్తుంది, లేదా రిమ్ము లోపల తిరుగుతూ టైరు వెనకబడిపోతుంది. రిమ్ము నుంచి టైరు గోడ మీదికి సుద్దతో ఒక గీత గీస్తే లాగుడు అయ్యాక అది రెండు ముక్కలుగా విడిపోయిందో లేదో చూసి ఆ సంగతి తెలుసుకోవచ్చు. ముందు టైర్లకు ఒక లెక్క, వెనక టైర్లకు ఇంకో లెక్క. ఎవరి లెక్క వారిదే, ఎవరూ ఇంకొకరికి చెప్పరు.

నాలుగు అంగుళాలు ఎంత మారుస్తాయి?

ఎత్తుకు హద్దు ఎందుకో కాగితం మీద వేసి చూస్తే తెలుస్తుంది. కంపెనీ ఇచ్చిన 1,000 పౌండ్-అడుగుల టార్క్‌నే తీసుకుందాం. గేర్‌బాక్స్ డైరెక్ట్‌లో ఉంది, అంటే టార్క్‌ను మార్చకుండా పంపుతోంది; ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ‘లో’ రేంజ్ నిష్పత్తి 2.72, ఇరుసులోని క్రౌన్ పినియన్ నిష్పత్తి 3.73. రాపిడి నష్టాలు పక్కన పెడితే ఇరుసుల దగ్గర అది 10,100 పైచిలుకు పౌండ్-అడుగులవుతుంది. 33 అంగుళాల టైరు వేస్తే నేల మీద తోసే బలం సుమారు 7,380 పౌండ్లు. 37 అంగుళాల టైరు వేస్తే సుమారు 6,580. బలం పదకొండు శాతం తగ్గింది. బదులుగా అదే ఇంజిన్ వేగం దగ్గర చక్రం నేల మీద పన్నెండు శాతం ఎక్కువ దూరం కొలుస్తుంది.

ఈ తరగతుల్లో ట్రక్కు బరువు చాలాచోట్ల డ్రైవరుతో కలిపి 8,000 పౌండ్లకు, అంటే సుమారు 3,630 కిలోలకు మించకూడదు. పై లెక్క చూడండి: మార్పులేవీ చేయని ఇంజిన్ కూడా లో రేంజ్‌లో దాదాపు ట్రక్కు బరువంత బలంతో నేలను తోయగలదు. మట్టి మీద టైరు పట్టు అంతకంటే ఎక్కువ ఇవ్వదు. మరి ఇంజిన్‌కు అంత డబ్బు పోయడం దేనికి? వేగానికి. కంపెనీ ఇంజిన్ ఆ బలాన్ని గంటకు పదిహేడు మైళ్ల దగ్గర ఇస్తే, పోటీ ఇంజిన్ అదే బలాన్ని పాతిక, ముప్పై మైళ్ల దగ్గర ఇవ్వగలదు. స్లెడ్ బరువెక్కేలోపు సంపాదించుకున్న ఆ ఊపే చివరి యాభై అడుగులు దాటిస్తుంది. ఎత్తైన టైరు ఆ వేగాన్ని ఊరికే ఇచ్చేస్తుంది, బలమైన ఇంజిన్ ఉన్నవాడికి మాత్రమే. టైరు ఎత్తుకు గీసిన హద్దు చివరికి ఇంజిన్ల మధ్య తేడాను కూడా తగ్గిస్తోందన్నమాట.

కొక్కెం ఎత్తు నియమం కూడా దీనికే ముడిపడి ఉంది. దిగువ తరగతుల్లో సాధారణంగా నేల నుంచి 26 అంగుళాలకు మించకూడదు, ఎటూ కదలకూడదు. ఇరుసుల మధ్య 140 అంగుళాల దూరమున్న ట్రక్కు 7,000 పౌండ్ల బలంతో లాగుతోందనుకోండి. 26 అంగుళాల కొక్కెం వల్లనే ముందు ఇరుసు మీంచి 1,300 పౌండ్లు వెనక్కి జరుగుతాయి. కొక్కెం ఒక్క అంగుళం పెంచితే ఇంకో 50 పౌండ్లు. గొలుసు కిందికి వాలి ఉంటే ఆ వాలు కూడా వెనక టైర్లను నేలకు నొక్కుతుంది. వినడానికి బాగుంది గానీ ముందు చక్రాలు తేలిపోతే ఫోర్ వీల్ డ్రైవ్‌లో సగం పోయినట్టే. అందుకే ముందు బంపరు అవతల ఇనుప బరువులు వేలాడదీస్తారు. ఆ బరువులు కూడా ముందు ఇరుసు మధ్య నుంచి 60 అంగుళాలు దాటకూడదని చాలా పుస్తకాల్లో ఉంటుంది.

బలం నడిచే దారి

ఇక లోపలికి వెళ్దాం. ఇంజిన్‌లో పుట్టిన బలం క్లచ్ లేదా టార్క్ కన్వర్టర్ దాటి, గేర్‌బాక్స్‌లోకి, అక్కణ్నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి పోతుంది. అక్కడ రెండుగా చీలి ముందుకో షాఫ్టు, వెనక్కో షాఫ్టు. ఒక్కో షాఫ్టుకీ రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్లు. మన లారీ మెకానిక్కులు క్రాస్ అనేది దాన్నే. ఆ తర్వాత క్రౌన్ పినియన్, యాక్సిల్ షాఫ్టులు, హబ్బులు, చివరికి టైరు. ప్రతి గేరు దగ్గరా టార్క్ పెరుగుతూ పోతుంది కాబట్టి చివరి భాగాల మీద మొదటి భాగాల కంటే ఎన్నో రెట్ల మెలి పడుతుంది.

2.5, 2.6 లాంటి తరగతుల్లో నియమం సూటిగా ఉంటుంది. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, వెనక ఇరుసు అన్నీ ఒక టన్ను లేదా అంతకంటే చిన్న పికప్‌లో కంపెనీ అమ్మినవే అయ్యుండాలి. సైనిక లారీల నుంచి తీసిన రెండున్నర టన్నుల ఇరుసులు, ట్రాన్స్‌ఫర్ కేస్ బదులు పోటీ కోసమే తయారైన డ్రాప్ బాక్సులు పై తరగతులవాళ్లకే. లోపలి భాగాల విషయంలో చాలా సంఘాలు ఉదారంగా ఉంటాయి. గట్టి మిశ్రలోహంతో చేసిన షాఫ్టులు, బలమైన క్లచ్ పలకలు వేసుకోవచ్చు. ఇది నాకు సరైన పద్ధతిగా కనిపిస్తుంది. విరగని షాఫ్టు వేసుకోమని ప్రోత్సహించడం అందరికీ మంచిది. ఇరుసునే మార్చుకోనిస్తే ఖర్చుకు అంతుండదు.

ఈ నియమం వల్ల బండి పుట్టుకకు విలువొచ్చింది. ఫోర్డ్, రామ్ భారీ పికప్పుల్లో ముందు ఇరుసు ఒకే దూలంలా ఉంటుంది. జనరల్ మోటార్స్ డ్యూరామ్యాక్స్ బండ్లలో ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. రోడ్డు మీద అది సుఖం. స్లెడ్ ముందు మాత్రం చక్రాలు లోపలికి తిరగబోతాయి, స్టీరింగు టై రాడ్లు వంగుతాయి. అందుకే ఆ బండ్లవాళ్లు మొదటి ఖర్చు టై రాడ్ల మీదే పెడతారు.

వెనకవైపు శత్రువు పేరు వీల్ హాప్. టైరు ముందుకు తిరగబోతే ఇరుసు హౌసింగ్ వ్యతిరేకంగా మెలి తిరుగుతుంది, పినియన్ ముక్కు పైకి లేస్తుంది, కమాన్లు పాములా వంకర తిరుగుతాయి. టైరు ఒక్క క్షణం పట్టు వదిలిందా, మెలిపడ్డ కమాను తటాలున వెనక్కి కొడుతుంది. టైరు మళ్లీ నేలను పట్టుకుంటుంది, మళ్లీ మెలి. ఇది సెకనుకి ఎన్నోసార్లు జరుగుతుంటే బండి వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. నిలకడగా మోసే బరువుకు విరగని ఉక్కు ఈ దెబ్బలకు విరుగుతుంది. ముఖ్యంగా క్రాసులు. యూనివర్సల్ జాయింట్ వంపులో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు అవతలి షాఫ్టును వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతుంది. రెండు చివర్లా వంపు సమానంగా ఉంటే ఒకదాని తేడా ఇంకొకటి సరిచేస్తుంది. పినియన్ ముక్కు లేచిందంటే ఆ సమానత పోయి మొత్తం షాఫ్టే అదురుతుంది.

కాబట్టి హౌసింగ్‌ను ఛాసిస్‌కు కలిపే ట్రాక్షన్ బార్లను దాదాపు అన్ని సంఘాలూ అనుమతిస్తాయి. కమాను కట్టలు మాత్రం కంపెనీ పద్ధతివే, కంపెనీ పెట్టినచోటే ఉండాలంటాయి. డిఫరెన్షియల్‌ను బిగించేసి రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేసుకునేవాళ్లున్నారు. పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ ఒకవైపు టైరు గోతి మీద తేలిన క్షణంలో ఆ ఇరుసుకు వచ్చిన మెలి మొత్తం రెండోవైపు షాఫ్టు ఒక్కటే మోయాలి. తుపాకీ మోతలాంటి చప్పుడు ఎక్కువసార్లు అక్కణ్నుంచే వస్తుంది.

విరిగినా ఎగరకూడదు

పోటీలో ఇనుము విరుగుతుంది. దాన్ని ఆపే నియమం ఎవరూ రాయలేరు. విరిగిన ముక్క ఎక్కడికి పోతుందన్నదే రాయగలరు. డ్రైవ్‌లైన్ అధ్యాయంలో సగం ఇదే.

క్రాసుల చుట్టూ పూర్తిగా కప్పేలా కవచం ఉండాలి, పావు అంగుళం ఉక్కుతోగానీ అంతకంటే మందమైన అల్యూమినియంతోగానీ. బండి చట్రానికి గట్టిగా బిగించి ఉండాలి. క్రాసు విరిగితే షాఫ్టు చివర ఆ కవచంలోనే కొట్టుకుంటూ ఆగాలి. పొడవైన షాఫ్టు కింద వలయాలు పెట్టమంటారు, ముందు చివర ఊడితే అది నేలకు గుచ్చుకుని బండిని పైకి లేపకుండా. వెనక హబ్బుల మీద బోల్టులకు రేకు మూత ఉండాలి. యాక్సిల్ షాఫ్టు విరిగి బయటికి చిమ్మితే అది అడ్డుకుంటుంది.

క్లచ్ దగ్గర ప్రమాదం ఇంకా పెద్దది. కంపెనీ డీజిల్ ఇంజిన్ నిమిషానికి సుమారు 3,200 చుట్ల దగ్గర ఆగితే పోటీ ఇంజిన్ 5,000 దాకా పోతుంది. ఆ వేగంలో పగిలిన ఫ్లైవీల్ ముక్కను మామూలు పోత ఇనుప హౌసింగ్ ఆపలేదు. అందుకే పై తరగతుల్లో ఎస్ఎఫ్ఐ అనే సంస్థ ప్రమాణ సంఖ్యలు కనిపిస్తాయి: ఫ్లైవీల్, క్లచ్‌లకు 1.1, 1.2, బెల్ హౌసింగ్‌కు 6.1, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మీది కవచానికి 4.1, ఫ్లెక్స్‌ప్లేట్‌కు 29.1, ఇంజిన్ ముందు డ్యాంపరుకు 18.1. తనిఖీదారు వంగి ఆ చిన్న చీటీలు చదువుతాడు.

మరో రెండు నియమాలు డ్రైవ్‌లైన్ అధ్యాయంలో ఉండవు గానీ కథ ఒకటే. షాఫ్టు విరిగిందంటే అప్పటిదాకా వేల పౌండ్లతో పెనుగులాడుతున్న ఇంజిన్‌కు ఒక్కసారిగా అడ్డు లేకుండా పోతుంది, చుట్లు ఆకాశానికంటుతాయి. డీజిల్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, తాళం తిప్పినంత మాత్రాన ఆగుతుందన్న నమ్మకం లేదు. గాలి ఆపితే ఆగుతుంది. అందుకే ఇంజిన్ గాలి దారిలో ఒక తలుపు, దానికి ఓ తీగ, ఆ తీగ చివర ఉంగరం. ఆ ఉంగరాన్ని స్లెడ్‌కు తగిలిస్తారు. ట్రక్కు స్లెడ్ నుంచి ఊడితే తీగ లాగబడి గాలి మూసుకుపోతుంది. ఇక టర్బో పగిలితే ముక్కలు పొగగొట్టంలోంచి పైకి పోకుండా అందులో అడ్డంగా, ఒకదానికొకటి దగ్గరగా, కత్తెర ఆకారంలో రెండు బోల్టులు బిగించమంటారు.

వీటిలో ఏదీ గదిలో కూర్చుని ఊహించి రాసింది కాదు. కంచె అవతల చెక్క మెట్ల మీద పిల్లాపాపలతో కూర్చునే ఆటలో ఏ ముక్క ఎటు ఎగిరిందో చూసినవాళ్లు రాసుకున్నవి.

తనిఖీ దగ్గర తగువులు

నియమం ఉన్నచోట దాన్ని వంచాలన్న ఆశ కూడా ఉంటుంది. టైరును కోయలేదు, రోడ్డు మీద ‘అరిగింది’ అంటారు. అరిగిన టైరు అంచు గుండ్రంగా ఉంటుంది, కోసిన అంచు వేలికి తెగేలా ఉంటుంది. తనిఖీదారు చెయ్యి వేసి చూస్తాడు. లోపల కమాన్ల మధ్య దిమ్మలు బిగించి కదలకుండా చేశారా, కొక్కెం బరువు పడ్డప్పుడు కదులుతోందా, టైర్లలో గాలి తగ్గించి కొలిపించుకుని తర్వాత నింపి కొక్కెం ఎత్తు పెంచారా అని చూడాలి. అందుకే గెలిచినవాళ్లను ట్రాక్ మీంచి నేరుగా మళ్లీ తూకానికి, కొలతకు తీసుకెళ్లే పద్ధతి మంచిది. అది లేనిచోట గొడవలు ఎక్కువ.

ఇండియానాలోని టెర్రె హోట్‌లో జరిగే షైడ్ డీజిల్ ఎక్స్‌ట్రావగాంజా లాంటి పెద్ద వేడుకల్లో తరగతులన్నీ, కొలతలన్నీ పద్ధతిగా ఉంటాయి. ఇండియానాపోలిస్‌లో జరిగే అల్టిమేట్ కాలౌట్ చాలెంజ్‌లో ఒకే ట్రక్కును డైనో అనే బలం కొలిచే రోలర్ల యంత్రం మీద బలం చూపించమంటారు, డ్రాగ్ రేసులో పరుగెత్తమంటారు, స్లెడ్ కూడా లాగమంటారు. హార్స్‌పవర్ ఒక్కటే సరిపోదని చెప్పడానికి అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. డైనో రోలరు మీద పట్టు సమస్య ఉండదు, మట్టి మీద ఉన్నదంతా అదే సమస్య.

చిన్న ఊళ్ల సంతల సంగతి వేరు. అక్కడ స్ట్రీట్ తరగతిలో ఎవరైనా పార్కింగ్ నుంచి నేరుగా వచ్చి తగిలించుకోవచ్చు. టైరు మీద ముద్ర చూస్తారు, సీటు బెల్టు చూస్తారు, కొన్నిచోట్ల క్రాసులకు కవచం ఉందా అని అడగరు కూడా. కొత్తవాళ్లు భయపడి రాకుండా పోతారని నిర్వాహకుల వాదన. ఆ వాదనతో నేను ఏకీభవించలేను. 2019 నాటి కంపెనీ బండికే 1,000 పౌండ్-అడుగులున్నాయి. 1989 నాటి కంపెనీ బండికి ఉన్నదానికి రెండున్నర రెట్లు ఇవాళ పాల డబ్బాలు మోసే బండికి ఉంది. షాఫ్టుకు ఆ తేడా తెలుసు, తరగతి పేరు తెలియదు. పావు అంగుళం ఉక్కు గొట్టం ముక్కలు కొన్ని, కాసిని బోల్టులు, ఒక సాయంత్రం వెల్డింగు పని. టర్బోతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. కోసిన టైరును నిషేధించి పేదవాడికి చోటిచ్చిన పుస్తకమే ఆ కవచాన్ని అట్టడుగు తరగతిలో కూడా తప్పనిసరి చేయాలి. అది లేని బండికి స్లెడ్ గొలుసు తగిలించకూడదు.